మనసు వైద్యం మన పి.హెచ్.సి.లోనే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఒకే ప్రశ్న రకరకాలుగా కనిపించింది. మనసు బాగోకపోతే ఊరి పి.హెచ్.సి.లో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) చూస్తారా, లేక నేరుగా నెల్లూరు పెద్దాసుపత్రికో ఒంగోలు రిమ్స్‌కో పోవాల్సిందేనా అని. చూస్తారు. కాకపోతే ఏం చెప్పాలో, ఏం అడగాలో, ఏ కాగితం దాచుకోవాలో తెలిసి వెళ్లినవాళ్లకే పని జరుగుతుంది. అందుకే జవాబులు కాస్త వివరంగా ఇస్తున్నాం. రాసినవాళ్ల పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: నాకు నలభై మూడేళ్లు. ఏడాదిగా గుండె దడ, ఒళ్లంతా నొప్పులు, అరికాళ్ల మంటలు, రాత్రి నిద్ర లేదు. మా ఊరి ఆర్.ఎం.పి. గ్యాస్ అన్నాడు, నరాల బలహీనత అన్నాడు, సెలైన్లు పెట్టాడు. నెల్లూరులో ఈసీజీ, స్కానింగు తీయిస్తే అంతా బాగుందన్నారు. మా ఆడబిడ్డ ‘ఇది మనసు జబ్బేమో వదినా’ అంటోంది. పి.హెచ్.సి.లో చెబితే నవ్వుతారేమో? (వింజమూరు మండలం)

జవాబు: నవ్వరు. ఇలాంటి దడ, నీరసం, నొప్పులు చెప్పుకునేవాళ్లు పి.హెచ్.సి. ఓపీలో రోజూ ఉంటారు. చిక్కంతా చెప్పే వరుసలో ఉంది. ఓపీలో ఒక్కొక్కరికి దొరికేది రెండు మూడు నిమిషాలు. అందులో మీ మొదటి మాట ‘కాళ్లు లాగుతున్నాయి సార్’ అయితే నొప్పి మాత్ర, గ్యాస్ మాత్ర, బి-కాంప్లెక్స్ రాసి పంపేస్తారు. డాక్టరును తప్పుపట్టలేం, మీరు చెప్పినదానికి అదే మందు. మొదటి మాట ఇలా ఉండాలి: ‘ఏడాదిగా నిద్ర లేదు, ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు, ఊరికే ఏడుపొస్తోంది. గుండెకు ఈసీజీ తీశారు, బాగుందన్నారు.’ నొప్పుల సంగతి ఆ తర్వాత. ఉదయం రద్దీలో కాకుండా పదకొండు దాటాక వెళ్లి, ‘డాక్టరుతో విడిగా రెండు మాటలు మాట్లాడాలి’ అని స్టాఫ్ నర్సుకు ముందే చెప్పండి. పాత రిపోర్టులు, ఇప్పటిదాకా మింగిన మాత్రల ఖాళీ షీట్లు వెంట తీసుకెళ్లండి.

డాక్టరు గానీ, మీ ఊరి విలేజ్ హెల్త్ క్లినిక్‌లో రోగులను చూసే ఎంఎల్‌హెచ్‌పీ (మధ్యస్థాయి ఆరోగ్య ఉద్యోగి) గానీ ‘పీహెచ్‌క్యూ-9’ అనే తొమ్మిది ప్రశ్నలు అడగొచ్చు. అడగకపోతే మీరే అడిగించుకోండి. గడిచిన రెండు వారాల్లో ఎన్నాళ్లు అలా ఉందన్నదాన్ని బట్టి ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. మార్కులు 10 లేదా అంతకు మించితే డిప్రెషన్ ఉండే అవకాశం ఎక్కువ, వైద్యం గురించి ఆలోచించాలి. 20 లేదా అంతకు మించితే తీవ్రం. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుణ్ణు అనిపిస్తోందా అన్నది. పక్కన అత్తగారో భర్తో కూర్చుని ఉంటే దానికి ఎవరూ నిజం చెప్పరు. కాబట్టి ఆ కాసేపు ఒక్కరే లోపలికి వెళ్లండి.

మాత్రలకు ముందు నాలుగు పరీక్షలు: హిమోగ్లోబిన్, షుగర్, బీపీ, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తగ్గినా అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటుంది. అరికాళ్ల మంటలకు షుగరో, బి12 లోపమో కారణం కావచ్చు. టీఎస్‌హెచ్ పి.హెచ్.సి.లో కుదరకపోతే పై ఆసుపత్రికి రాయించుకోండి. ఇవేవీ చూడకుండా ‘అంతా నీ మనసులోనే ఉందమ్మా’ అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

డిప్రెషన్ అని తేలితే సాధారణంగా రాసేది ఎస్సిటాలోప్రామ్ లేదా ఫ్లుయోక్సెటిన్. ఎస్సిటాలోప్రామ్‌ను చాలామంది డాక్టర్లు మొదటి వారం 5 మి.గ్రా., తర్వాత 10 మి.గ్రా. ఇస్తారు. ఫ్లుయోక్సెటిన్ అయితే పొద్దున టిఫిన్ అయ్యాక 20 మి.గ్రా. వైద్యం చెడేది కూడా ఇక్కడే. మొదటి వారంలో వికారం, తలనొప్పి, కొందరికి కాస్త ఎక్కువ కంగారు వస్తాయి. గుణం కనిపించడానికి మాత్రం రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, పూర్తి గుణానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. అంటే ముందు ఇబ్బంది, తర్వాత మేలు. పదోరోజుకు ‘ఈ మాత్రలు నాకు పడలేదు’ అని మానేసినవాళ్లు మేలు దాకా వెళ్లనే లేదన్నమాట. ఇంకొందరు రెండో నెలలో బాగైపోయిందని ఆపేస్తారు. మొదటిసారి వచ్చిన జబ్బుకైనా పూర్తిగా బాగైన తర్వాత ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడి, ఆపై మెల్లగా తగ్గించాలి. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చికాకు, ఒంట్లో కరెంటు కొట్టినట్టు ఉండటం వస్తాయి.

నొప్పులకు డైక్లోఫెనాక్ మాత్ర అలవాటున్నవాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. ఈ మాత్రలతో అది కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ముప్పు పెరుగుతుంది. అది చెప్పకపోవడం మేం చాలాసార్లు చూసే పొరపాటు.

మార్కులు ఎక్కువగా ఉన్నా, తొమ్మిదో ప్రశ్నకు ‘అవును’ అన్నా, ఆరు వారాలకూ తేడా లేకపోయినా సైకియాట్రీ ఓపీకి రిఫరల్ రాయించుకోండి. నెల్లూరు దర్గామిట్ట పెద్దాసుపత్రిలో, ఒంగోలు రిమ్స్‌లో ఆ ఓపీ ఉంది. అంతకంటే దగ్గరలో, కావలి, ఆత్మకూరు లాంటి ప్రభుత్వాసుపత్రుల్లో మానసిక వైద్యులు ఏ రోజు చూస్తారో ముందు ఫోన్ చేసి కనుక్కుంటే బస్సు ఛార్జీలు మిగులుతాయి.

ప్రశ్న: ఆశ కార్యకర్త మా వీధిలోనే ఉంటుంది. పి.హెచ్.సి.లో ఈ జబ్బు రాయిస్తే ఊరంతా తెలియదా? (టంగుటూరు మండలం)

జవాబు: 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం మీ జబ్బు వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత చూసే సిబ్బందిది. అయినా చట్టం వేరు, వీధి వేరు. మీ మండలం పి.హెచ్.సి.కే వెళ్లాలన్న నిబంధన ఏదీ లేదు, పక్క మండలంలోనూ ఓపీ చీటీ రాస్తారు. ముందు ఎవరికంటా పడకుండా మాట్లాడాలనుకుంటే టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. డబ్బులు పడవు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగు ఎంచుకోవచ్చు. మొదట కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు. అయితే మందులు ఇంటికి పంపరు. వాటికి ఎలాగూ ఏదో ఒక ఆసుపత్రి గడప తొక్కాల్సిందే.

ప్రశ్న: మా అబ్బాయికి ఇరవై నాలుగేళ్లు. ఒంటరిగా మాట్లాడుకుంటాడు, అన్నంలో ఏదో కలిపామంటాడు, మూడు నెలలుగా పనికి పోవడం లేదు. ఆసుపత్రి అంటే కత్తి తీసినట్టు చూస్తాడు. మా బావగారు ఏఎస్ పేట దర్గాకు తీసుకుపోయి నలభై రోజులు ఉంచుదామంటున్నారు. ఇదివరకు ఒకసారి పెద్దాసుపత్రి మాత్రలు వాడితే బాగయ్యాడు, వంద కిలోమీటర్లు నెలనెలా తిరగలేక ఆపేశాం. (ఉదయగిరి ప్రాంతం)

జవాబు: చివరి వాక్యంతో మొదలుపెడదాం, ఎందుకంటే జబ్బు తిరగబెట్టడానికి కారణం అందులోనే ఉంది. మందు పనిచేసింది, దారి దూరమై ఆగిపోయింది. కాబట్టి మళ్లీ మొదలుపెట్టేటప్పుడు దూరం సంగతి ముందే తేల్చుకోవాలి.

ముందు అబ్బాయి లేకుండా మీరే వెళ్లండి. పాత ఓపీ చీటీ, డిశ్చార్జి కాగితం, మాత్రల షీట్లు పట్టుకుని పి.హెచ్.సి. డాక్టరును కలవండి. ఎప్పుడు మొదలైంది, నిద్ర ఎంత, తిండి ఎలా, ఎవరినైనా కొట్టాడా, చస్తానన్నాడా, గంజాయి గానీ తాగుడు గానీ అలవాటుందా, ఈ ఆరూ ఒక కాగితం మీద రాసుకెళ్తే మంచిది. కొన్ని పి.హెచ్.సి.ల నుంచి ఈ-సంజీవని ద్వారా వీడియోలో పెద్ద డాక్టరుతో మాట్లాడించే వీలుంది, అడగండి.

అబ్బాయితో ‘నీకు పిచ్చి పట్టింది, పద’ అంటే రాడు. అతన్ని నిజంగా బాధిస్తున్నది పట్టుకోండి: ‘రాత్రిళ్లు నిద్ర లేక నలిగిపోతున్నావు, నిద్రకు డాక్టరును అడుగుదాం’. చాలామంది ఆ మాటకు కదులుతారు. అన్నంలో మాత్ర కలిపి పెట్టడం వద్దు. అన్నంలో ఏదో కలుపుతున్నారన్నదే అతని అనుమానం. ఒక్కసారి తెల్లటి పొడి కంటపడిందా, ఆ అనుమానం నిజమైపోతుంది, ఇక మీ చేతి తిండే ముట్టడు. పైగా ఏ పూట ఎంత మోతాదు లోపలికి పోయిందో ఎవరికీ తెలియదు.

చెయ్యి చేసుకునే స్థాయికి వచ్చినా, ప్రాణం మీదికి తెచ్చుకునేలా ఉన్నా 108కి ఫోన్ చేయండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 94వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్ అయిన ఏ ఎంబీబీఎస్ డాక్టరైనా, ఇంటివాళ్ల సమ్మతితో, 72 గంటల వరకు అత్యవసర వైద్యం చేయవచ్చు, మానసిక వైద్యం ఉన్న ఆసుపత్రికి పంపవచ్చు. ‘ఇది మా పని కాదు, పెద్దాసుపత్రికి పొండి’ అనే మాట వినిపిస్తే ఈ సెక్షన్ పేరు మర్యాదగా గుర్తుచేయండి. అతను ఒప్పుకోకపోయినా, ఇద్దరు నిపుణులు పరీక్షించి అవసరమంటే 89వ సెక్షన్ కింద 30 రోజుల వరకు చేర్చుకుంటారు. దరఖాస్తు ఇంటివాళ్లే పెట్టాలి.

దర్గా విషయం. వెళ్లడం, మొక్కుకోవడం మీ నమ్మకం, దానికి మేం అడ్డు చెప్పం. రెండే షరతులు. మాత్రల సంచీ వెంట ఉండాలి, ఒక్క పూట కూడా తప్పకూడదు. గొలుసు, తాడు ఉండకూడదు. తమిళనాడులోని ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న మంటలంటుకుని 28 మంది మానసిక రోగులు చనిపోయింది గొలుసులతో కట్టేసి ఉండబట్టే. ఏ రూపంలోనైనా గొలుసులతో బంధించడాన్ని 2017 చట్టం 95వ సెక్షన్ నిషేధించింది. ఇల్లయినా, గుడయినా, దర్గా అయినా ఇదే మాట.

ఇక మందుల దారి. పెద్దాసుపత్రిలో రిస్పెరిడోన్ 2 మి.గ్రా. రాత్రి, దానితో వచ్చే బిగువుకు ట్రైహెక్సీఫెనిడిల్ 2 మి.గ్రా. పొద్దున రాశారనుకుందాం. చీటీ మీద కంపెనీ పేరు కాకుండా మందు పేరు, మోతాదు, ‘మూడు నెలలు కొనసాగించాలి, స్థానికంగా ఇవ్వవచ్చు’ అన్న వాక్యం రాయించండి. ఆ ఒక్క వాక్యం లేకే కింది ఆసుపత్రుల్లో చేతులెత్తేస్తారు. చట్టం 18వ సెక్షన్ ప్రకారం, నిత్యావసర మందుల జాబితాలోని మానసిక మందులు సి.హెచ్.సి. (సామాజిక ఆరోగ్య కేంద్రం) మొదలు పై ప్రభుత్వాసుపత్రులన్నిటిలో ఎప్పుడూ ఉచితంగా దొరకాలి. గమనించండి, ఆ హక్కు సి.హెచ్.సి. నుంచి మొదలవుతుంది, పి.హెచ్.సి. నుంచి కాదు. కాబట్టి చీటీ జెరాక్సు మీ దగ్గరి సి.హెచ్.సి. ఫార్మసిస్టుకు ఇచ్చి, నెలకు ఎన్ని మాత్రలు కావాలో చెప్పండి. మందులకు ఇండెంటు, అంటే ఇన్ని కావాలన్న కోరిక, పెట్టేది వాళ్లే. అడిగేవాళ్లు లేరని పెట్టరు, పెట్టలేదని దొరకవు, దొరకవని అడగరు. ఈ గుండ్రం ఎక్కడో ఒకచోట తెగాలి. మాత్రలు ఇంకా పదిరోజులకు ఉండగానే వెళ్లండి, అయిపోయిన రోజున కాదు.

మాత్రలు మింగడనుకుంటే ఫ్లూఫెనజిన్ డెకనోయేట్ సూది ఉంది. రెండు నుంచి నాలుగు వారాలకు ఒకటి. పెద్దాసుపత్రిలో తక్కువ మోతాదుతో మొదలుపెట్టి చూశాక, ఆ చీటీతో పి.హెచ్.సి.లో స్టాఫ్ నర్సు చేత వేయించుకోవచ్చు. మందు నూనెలో ఉంటుంది కాబట్టి సిరంజి, సూది పొడిగా ఉండాలి, పిరుదు కండలో లోతుగా వేయాలి, వేశాక రుద్దకూడదు.

మొదటి రోజుల్లో మెడ పక్కకు బిగుసుకుపోయినా, కనుగుడ్లు పైకి వెళ్లిపోయినా భయపడి మందు పారేయకండి. దగ్గరి ఆసుపత్రిలో ప్రోమెథజిన్ లాంటి సూదితో త్వరగానే సర్దుకుంటుంది. జ్వరం, ఒళ్లంతా కట్టెలా బిగుసుకోవడం, మగత మూడూ కలిసి వస్తే మాత్రం అదే రోజు పెద్దాసుపత్రికి. మొదటిసారి జబ్బుకు బాగైన తర్వాత కనీసం ఒకటి రెండేళ్లు మందు వాడాలి. మీవాడికి ఇది తిరగబెట్టిన జబ్బు, ఇంకా ఎక్కువ కాలమే పడుతుంది.

ప్రశ్న: మా తమ్ముడు రొయ్యల చెరువుల మీద పనిచేస్తాడు. బైపోలార్ (అతి ఉత్సాహం, దిగులు మార్చి మార్చి వచ్చే జబ్బు) అని ఆరేళ్లుగా లిథియం వాడుతున్నాడు. పోయిన ఎండాకాలం చేతులు వణికి, నడక తూలి, విరోచనాలు పట్టుకుంటే ఆర్.ఎం.పి. వడదెబ్బ అన్నాడు. మందు వల్లనా? (విడవలూరు మండలం)

జవాబు: మందు వల్లేనని అనుమానించాలి. లిథియం రక్తంలో లీటరుకు సుమారు 0.6 నుంచి 1.0 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉంటేనే మేలు చేస్తుంది, 1.5 దాటితే విషమవుతుంది. గీత అంత సన్నం. ఎండలో చెమట పట్టి ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే మూత్రపిండాలు లిథియాన్ని బయటికి పంపకుండా పట్టి ఉంచుతాయి. అదే మాత్ర, అదే మోతాదు, కానీ రక్తంలో మట్టం పెరిగిపోతుంది. దానికి తోడు నడుం నొప్పికి డైక్లోఫెనాక్ గానీ ఐబుప్రొఫెన్ గానీ వేసుకుంటే ఇంకా పెరుగుతుంది. బీపీకి ఇచ్చే ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కూడా ఇదే పని చేస్తాయి. పి.హెచ్.సి.లో బీపీ మాత్ర రాసేటప్పుడు లిథియం సంగతి చెప్పకపోతే డాక్టరుకు తెలిసే వీలు లేదు. నొప్పికి పారాసిటమాల్ వాడుకోవచ్చు.

బీపీ కోసమని ఉప్పు ఒక్కసారిగా మానేయకూడదు. ఎండలో పనున్న రోజు ఉప్పు వేసిన పలచటి మజ్జిగ, నీళ్లు గంటగంటకూ తాగాలి. వాంతులు, విరోచనాలు, నడక తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే ఆ పూట మాత్ర ఆపి నేరుగా ఆసుపత్రికి. రక్తపరీక్ష రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు, పొద్దుటి మాత్ర వేసుకోకముందు ఇవ్వాలి. మాత్ర వేసుకుని వెళ్లి రక్తమిస్తే లెక్క తప్పు వస్తుంది. లిథియం మట్టం, క్రియాటినిన్ (మూత్రపిండాల పరీక్ష), టీఎస్‌హెచ్ ఆరు నెలలకోసారైనా చూడాలి. ఎండలు ముదరకముందు, మార్చిలో ఒకసారి చూపించుకోమనండి.

ప్రశ్న: నిద్రకు మెడికల్ షాపులో ఇచ్చిన అల్ప్రాజోలామ్ 0.5 మూడేళ్లుగా వేసుకుంటున్నాను. ఆపేస్తే రెండు రాత్రులు ఒళ్లు వణికింది. (పొదిలి)

జవాబు: ఒక్కసారిగా ఆపకండి, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. వణుకు రావడమే ఒళ్లు దానికి అలవాటు పడిందనడానికి గుర్తు. ఇది షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన ప్రతిసారీ షాపువాళ్లు విడి రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. ఆచరణలో ఎలా ఉందో మీ ఉత్తరమే చెబుతోంది.

పి.హెచ్.సి. డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పి తగ్గింపు పట్టిక రాయించుకోండి. రెండు నుంచి నాలుగు వారాలకోసారి, ఉన్న మోతాదులో పదో వంతు వరకు తగ్గించడం క్షేమమైన పద్ధతి. అంత చిన్న ముక్కలు చేయడం కష్టం కనుక కొందరికి ఎక్కువసేపు పనిచేసే డయాజిపామ్‌కు మార్చి తగ్గిస్తారు. ఎలా చూసినా నెలలు పడుతుంది. ఆ నెలల్లో మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం నాలుగు తర్వాత టీ మానేసి, రోజూ ఒకే వేళకు లేవాలి. అసలు నిద్ర ఎందుకు పట్టడం లేదో కూడా చూపించుకోండి. దాని కింద డిప్రెషన్ దాగి ఉండటం మామూలే.

ప్రశ్న: మా ఆయన తాగుడు మానేస్తానని ఒట్టేసి రెండు రోజులైంది. చేతులు వణుకుతున్నాయి, గోడ మీద పురుగులున్నాయంటున్నాడు. గ్లూకోజు పెట్టిస్తే సరిపోతుందా? (అల్లూరు)

జవాబు: సరిపోదు, ఇది చదివేలోపే ఆసుపత్రికి తీసుకెళ్లి ఉంటారని ఆశిస్తున్నాం. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మానితే ఆరు గంటల నుంచి వణుకు, రెండు రోజుల్లోపు ఫిట్స్, రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య లేనివి కనబడటం, మతి తప్పడం వస్తాయి. ఇది ప్రాణం తీయగలదు. ఆసుపత్రిలో క్లోర్‌డయాజిపాక్సైడ్ లాంటి మందు ఇచ్చి రోజురోజుకూ తగ్గిస్తారు. ఉత్త గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కొద్దిపాటి థయమిన్, అంటే బి1, ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. కాబట్టి ముందు థయమిన్ సూది, తర్వాతే గ్లూకోజు. ‘థయమిన్ ఇచ్చారా’ అని అడగడానికి మొహమాటపడకండి.

తాగుడు మాన్పిస్తుందని కూరలో కలిపే పొడుల జోలికి పోవద్దు. వాటిలో డైసల్ఫిరామ్ ఉంటే, తెలియక దాని మీద తాగినప్పుడు బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మానాక సాయానికి వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446.

ప్రశ్న: పొగాకు గిట్టుబాటు కాక మా నాన్న రోజంతా బ్యారన్ (పొగాకు ఆరబెట్టే కొట్టం) దగ్గర ఒంటరిగా కూర్చుంటున్నాడు. ‘చచ్చిపోవాలని ఉందా’ అని అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని అమ్మ భయపడుతోంది. (కొండపి మండలం)

జవాబు: అడగాలి, సూటిగానే అడగాలి. అడగడం వల్ల కొత్తగా ఆ ఆలోచన పుట్టదు, అప్పటికే ఉంటే భారం దిగుతుంది. ‘బతకబుద్ధి కావడం లేదా నాన్నా’ అనండి. అవునంటే ‘ఎట్లా అని ఏమైనా అనుకున్నావా’ అని రెండో ప్రశ్న. దానికీ జవాబు ఉంటే ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టరుకు చూపించాలి.

ఈలోగా ఇంటివాళ్లు చేయగలిగిన అన్నిటికంటే పెద్ద పని పురుగుమందులు చేతికందకుండా చేయడం. ఆ ఆలోచన ఉధృతంగా ఉండేది చాలామందిలో కొద్దిసేపే, ఆ కొద్దిసేపట్లో డబ్బా దొరక్కపోతే మనిషి మిగులుతాడు. బ్యారన్‌లో, పశువుల కొట్టంలో, మంచం కింద ఉన్నవన్నీ తీసి తాళం వేసిన పెట్టెలో, వీలైతే వేరే వాళ్ల ఇంట్లో పెట్టండి. తాళంచెవి ఆయన దగ్గర ఉండకూడదు. పిచికారీ ఉన్న రోజుకు కావలసినంతే కొనండి, మిగిలింది దాచొద్దు. ఇంట్లో మాత్రలుంటే అవీ వారానికి సరిపడా మాత్రమే బయట ఉంచండి.

ఎవరైనా తాగినట్టు తెలిస్తే ఉప్పునీళ్లు, పేడనీళ్లు పట్టించి కక్కించవద్దు. కక్కు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బట్టలు విప్పి, ఒళ్లు సబ్బుతో కడిగి, డబ్బాతో సహా 108 ఎక్కించాలి. విరుగుడు రాసి ఉండేది ఆ డబ్బా లేబుల్ మీదే. చూడటానికి మనిషి బాగానే ఉన్నా ఆలస్యం చేయవద్దు.

ఒక మాట పోలీసు కేసు గురించి. ఆసుపత్రి నుంచి స్టేషనుకు సమాచారం వెళ్తుంది, అది మామూలు పద్ధతి. కానీ 2017 చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షన్ లాంటిది లేదు. ప్రభుత్వోద్యోగి చేత పని చేయించుకోవడానికో, ఆయన విధికి అడ్డుపడటానికో ఆత్మహత్యకు ప్రయత్నిస్తే మాత్రమే నేరం. ఇది తెలియక చాలామంది ‘పొరపాటున తాగాడు’ అని రాయిస్తారు. దాంతో కడుపు కడిగి ఇంటికి పంపేస్తారే గానీ మానసిక వైద్యుడికి చూపించరు.

ప్రశ్న: కాన్పై పదిరోజులైన మా చెల్లెలు నిద్రపోకుండా అర్థంలేని మాటలు మాట్లాడుతోంది, బిడ్డ తనది కాదంటోంది. గాలి సోకిందంటున్నారు. (కలిగిరి)

జవాబు: గాలి కాదు. కాన్పు తర్వాత మొదటి రెండు మూడు వారాల్లో వచ్చే ఈ జబ్బు అత్యవసరం. తల్లికీ బిడ్డకూ ముప్పు కాబట్టి ఇద్దరినీ ఒంటరిగా వదలవద్దు, 108లో పెద్దాసుపత్రికి. ఏఎన్ఎంకు ఫోన్ చేసి ముందే కబురు పెట్టించండి. బాలింతలకు వాడదగ్గ మందులున్నాయి, చాలావాటితో పాలు కూడా ఇవ్వవచ్చు. వైద్యం అందితే పూర్తిగా కోలుకునేవాళ్లే ఎక్కువ.

ప్రశ్న: మా అన్నకు స్కిజోఫ్రెనియా. దివ్యాంగుల పింఛను వస్తుందా? సదరం క్యాంపుకు పోతే శాతం సరిపోలేదన్నారు. (దర్శి)

జవాబు: వస్తుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఉంది. సదరంలో, అంటే వైకల్యం ఎంత శాతమో తేల్చే పరీక్షలో, కనీసం 40 శాతం రావాలి. పింఛను 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలు.

శాతం ఎలా లెక్కిస్తారో తెలుసుకుంటే మీవాడి విషయంలో ఎక్కడ తగ్గిందో తెలుస్తుంది. ‘ఐడియాస్’ అనే కొలతలో నాలుగు విషయాలు చూస్తారు: తన పనులు తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడటం అర్థం చేసుకోవడం, పనిపాటలు. ఒక్కోదానికి 0 నుంచి 4. జబ్బు ఎన్నేళ్లుగా ఉందన్నదానికి ఇంకో 1 నుంచి 4: రెండేళ్లలోపు 1, రెండు నుంచి ఐదేళ్లకు 2, ఆరు నుంచి పదేళ్లకు 3, ఆపైన 4. మొత్తం 7 వస్తేనే 40 శాతం గీత అందుతుంది. ఉదాహరణకు స్నానపానాలకు 1, మనుషులతో 1, మాటలకు 1, పనికి 2 వేశారనుకోండి, మొత్తం 5. జబ్బు మూడేళ్లదని కాగితాలుంటే 2 కలిసి 7 అవుతుంది. పాత చీటీలు లేక రెండేళ్లలోపు అని రాస్తే 6 దగ్గర ఆగిపోతుంది. ఒక్క మార్కుతో పింఛను పోయిందన్నమాట.

అందుకే మొదటి ఓపీ చీటీ నుంచి అన్నీ తేదీల వరుసలో కుట్టి తీసుకెళ్లండి. ఆ రోజు తలదువ్వి, ఇస్త్రీ చొక్కా వేసి, ‘ఇప్పుడు పర్లేదు సార్’ అనడం మనవాళ్ల మర్యాద. కానీ అక్కడ చెప్పాల్సింది రోజూ జరిగేది: ఎవరు చెబితే స్నానం చేస్తాడు, డబ్బిస్తే లెక్క తేగలడా, కూలికి పోతే ఎంతసేపు నిలుస్తాడు. అబద్ధం అక్కర్లేదు, నిజం దాచకపోతే చాలు. మళ్లీ స్లాట్ సచివాలయంలో అడగండి. సర్టిఫికెట్ తాత్కాలికమైతే గడువు తేదీ దాని మీదే ఉంటుంది. ఆ తేదీ దగ్గరపడేదాకా ఆగితే స్లాట్ దొరకదు, మూడు నెలల ముందే అడిగి పెట్టుకోండి.